కంప్యూటర్ పిలిస్తే ఎవరు పోతారు?

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి పోయే కాలం అది. గుడికీ, ఆపరేషన్ గదికీ, కంప్యూటర్ గదికీ ఒకటే మర్యాద. దానికి దుమ్ము పడదని, వేడి పడదని, గట్టిగా మాట్లాడితే కూడా పడదని (ఈ మూడోది మా మిల్లు వాచ్‌మన్ సొంత అభిప్రాయం) దానికోసం ప్రత్యేకంగా ఏసీ పెట్టించి, మనుషులను మాత్రం ఫ్యాను కూడా సరిగ్గా తిరగని షెడ్లలో కూర్చోబెట్టేవారు. కంప్యూటర్ నేర్చుకున్నవాడంటే ఊళ్లో గౌరవం ఉండేది గానీ, వాడు చేసే పనేమిటో ఎవరికీ తెలిసేది కాదు. నిజం చెప్పొద్దూ, నాకూ సరిగ్గా తెలియదు. కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో ఆరు నెలల కోర్సు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఆ ఆరు నెలలూ ప్రతి శనివారం పెద్దపల్లి మీదుగా మంథని బస్సు పట్టుకుని అవ్వ దగ్గరికి (మా దిక్కున అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు) పరుగెత్తేవాడిని. సోమవారం పొద్దున తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకునేవాడిని. మీసాలొచ్చిన మగవాడు చెప్పుకోదగ్గ సంగతి కాదు కనుక ఎవరికీ చెప్పలేదు.

మా బాపు వరి పండించే మనిషి. ఆయన లెక్కలో పని అంటే చెమట పట్టాలి. చెమట పట్టకుండా జీతమిచ్చే నౌకరి మీద ఆయనకు రవ్వంత కూడా నమ్మకం లేదు. అప్పటికే మా వాడకట్టులో ఇంటికొకడు గల్ఫుకు పోయాడు. మా మేనబావ కూడా దుబాయ్‌లో ఉండి, "బావమర్దిని పంపుండ్రి, నేను సూసుకుంట" అని మాటిమాటికీ కబురు పెడుతున్నాడు. నాకు మిల్లులో నౌకరి దొరికిందని తెలిసిన రోజు బాపు భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, తీర్పు చెప్పాడు. "దసరా దాక సూస్త. అప్పటిదాక గా నౌకరి పక్కా అయితే మంచిదే. కాకుంటె అల్లుడు వీసా పంపుతడు, దుబాయ్ పోవుడే." నేను "సరే బాపు" అన్నాను. లోపల మాత్రం గుండె జారి కాళ్ల దగ్గర పడింది. కరీంనగర్‌కే ఏడ్చినవాడు దుబాయ్‌కి ఎంత ఏడవాలో మీరే చెప్పండి.

నౌకరి దొరికింది ఆదిలాబాద్ జిల్లాలో, భైంసా పోయే తోవలో ఉన్న ఒక నూలు మిల్లులో. ఆ మిల్లులో రిపేరు పనంతా అప్పటిదాకా చిట్టీల మీద నడిచేది. దూది శుభ్రం చేసే మిషన్ల నుంచి నూలు వడికే మిషన్ల దాకా, ఒక్కో వరుసకు ఒక్కో జాబర్ ఉండేవాడు. అంటే ఆ వరుసను నడిపించే పెద్ద. మిషన్ ఆగితే జాబర్ ఒక చిట్టీ రాసేవాడు. "పట్ట తెగింది" (పట్ట అంటే బెల్టు) అనో, "సప్పుడు జేస్తుంది" అనో రెండు ముక్కలు. ఆ చిట్టీ పట్టుకుని మిల్లు ఆ కొస నుంచి ఈ కొసకు, మెయింటెనెన్స్ షెడ్డుకు, తనే నడిచి వచ్చేవాడు. వచ్చీరాగానే చిట్టీ ఇచ్చేవాడు కాదు. ముందు కూర్చునేవాడు. ఛాయ్ వచ్చేది. "పిల్ల కాన్పుకు వచ్చిందట గద?", "పత్తి ఏరుడు అయిపోయిందా?" అని మంచీచెడూ నడిచేవి. అప్పుడు, పోతూ పోతూ ఏదో యాదికొచ్చినట్టు, జేబులోంచి చిట్టీ తీసి "మామా, జర మా మిషన్ సూడరాదే" అనేవాడు. మామ అంటే మెయింటెనెన్స్ పెద్ద మేస్త్రి. మేనేజర్ గారికి తప్ప మిల్లు మొత్తానికి ఆయన మామే. మామ ఆ చిట్టీ చదివేవాడు కాదు. గోడకు కొట్టిన పొడుగు మేకుకు గుచ్చి, రుమాలు తలకు చుట్టుకుని లేచేవాడు. ఆయన లేస్తే ఫిట్టర్లందరూ లేచేవారు.

మా మేనేజర్ గారు కోస్తా నుంచి వచ్చినవారు. మంచి మనిషే, కాకపోతే గడియారం చూసుకోకుండా దగ్గు కూడా దగ్గేవారు కాదు. ఈ ఛాయ్, కాన్పు, పత్తి ఏరుడు వ్యవహారం ఆయనకు కంట్లో నలుసైపోయింది. "ఏవయ్యా, మిషను బాగు చేయడానికి పావుగంటా, అది పాడైందని చెప్పుకోవడానికి అరగంటా?" అని అందరి మీదా కేకలేసేవారు. చివరికి హైదరాబాద్‌లో ఎక్కడో మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ అనేదాన్ని చూసి, మహారాష్ట్రలో ఉండే మా మిల్లు యజమాని సేఠ్‌ను ఒప్పించి తెప్పించారు. దాని సంగతి ఏమిటంటే, ఇక జాబర్ నడిచి రానక్కర్లేదు. మిషన్ దగ్గర నిలబడే ఫోనెత్తి చెబితే చాలు. కంప్యూటర్ గదిలో కూర్చున్నవాడు (అది నేను) మిషన్ నంబరూ దాని జబ్బూ టైపు చేస్తాడు. కంప్యూటర్ ఆ పనికి ఒక నంబరిచ్చి ఆర్డర్ అచ్చు వేస్తుంది. ప్రింటర్ గోడకు అవతల, మెయింటెనెన్స్ షెడ్డులో ఉంటుంది. ఆ గోడకు గుప్పెడంత రంధ్రం కొట్టి వైరు పంపించారు. కాగితం రావడంతోనే ఫిట్టర్ చింపుకుని పరుగెత్తాలి. పని అయిందని ఫోన్ వస్తే నేను తెర మీద దాన్ని మూసేయాలి. ఇక చిట్టీ లేదు, ఛాయ్ లేదు, కబుర్లు లేవు. మూడు నెలల ట్రయల్. దసరా ముందు సేఠ్ స్వయంగా వచ్చి చూస్తాడు. నచ్చితే సాఫ్ట్‌వేరూ పక్కా, నేనూ పక్కా. నచ్చకపోతే ఇద్దరినీ పంపించేస్తారు, దాన్ని హైదరాబాద్‌కు, నన్ను దుబాయ్‌కి.

సాఫ్ట్‌వేర్ అమ్మిన కుర్రాడు టై కట్టుకుని వచ్చి, రెండు రోజులుండి, మా క్యాంటీన్ కారానికి తట్టుకోలేక ఫ్లాపీలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మిషన్ల నంబర్లన్నీ ఎక్కించే పని నా నెత్తిన పడింది. తీరా పోయి చూస్తే ప్రతి మిషన్ నంబరు పలక మీదా ఏళ్ల తరబడి దసరా పూజల్లో పెట్టిన పసుపూ కుంకుమా, దాని మీద గ్రీజూ. గీకి గీకి నంబర్లు బయటికి తీశాను. తీరా తీశాక తెలిసింది, ఆ నంబర్లు మిల్లులో ఎవరికీ తెలియవని. ఎప్పుడూ ఏదో ఒకటి గొణిగే మిషన్ పేరు అత్త. బతిమాలితే గానీ కదలనిది కొత్త పెండ్లిపిల్ల. సప్పుడు ఎక్కువ, నూలు తక్కువ వచ్చేదాని పేరు సర్పంచ్. "సారూ, సర్పంచ్ పండిండు", అంటే పడుకున్నాడు, అని ఫోన్ వస్తే నేను మొదట్లో ఎవరో పెద్దమనిషికి ఒంట్లో బాగాలేదేమో అనుకుని అయ్యో పాపం అన్నాను.

మొదటి రోజు కొబ్బరికాయ కొట్టాం. (గదిలో కాదు, గడప బయట. కొబ్బరి నీళ్లు కూడా కంప్యూటర్‌కు పడవు.) కాసేపటికి నాలుగో వరుస నుంచి ఫోను, పట్ట తెగిందని. నేను టైపు చేసి బటన్ నొక్కాను. గోడ అవతల ప్రింటర్ కిర్రు కిర్రుమంది. ఆ చప్పుడు విని మేనేజర్ గారు నా భుజం తట్టారు. ఇద్దరం కుర్చీల్లో వెనక్కి వాలాం. ఇంకో ఫోను, ఇంకో కిర్రు. మధ్యాహ్నానికి తెర నిండా ఆకుపచ్చ అక్షరాల్లో పెండింగులే. ఒక్కటీ మూతపడలేదు. నాలుగో వరుస జాబర్ మళ్లీ ఫోన్ చేశాడు. "ఏమాయె సారూ, ఎవ్వలు రాలే?" "కంప్యూటర్ల వేసిన అన్నా." "కంప్యూటర్ల వేస్తే కంప్యూటర్లనే ఉంటది గద సారూ!" అన్నాడు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందేమో చూసి రమ్మని మేనేజర్ గారు నన్ను పంపారు.

షెడ్డులో ఫిట్టర్లందరూ ప్రింటర్ చుట్టూ కూర్చుని ఉన్నారు. అది ఒక్కో వరుస గుద్దుతుంటే, కాగితం మడతలు మడతలుగా కిందికి దిగుతుంటే, దొమ్మరాట చూసినట్టు చూస్తున్నారు. "మస్తు గుద్దుతుంది సారూ, ఒక్క అక్షరం గూడ తప్పు పోతలేదు" అని ఒకతను మెచ్చుకున్నాడు. మామ మాత్రం దానికి వీపు తిప్పి కూర్చుని అరచేతిలో తంబాకు నలుపుతున్నాడు. "మామా, ఆర్డర్లు వచ్చినయ్ గద, ఎవ్వలు పోలేదేంది?" అని అడిగాను. మామ తంబాకు నోట్లో వేసుకుని, తీరిగ్గా నా వైపు తిరిగాడు.

"సారూ, ఒక్క ముచ్చట అడుగుత. మీ సుట్టపోల్ల ఇంట్ల లగ్గముంది. కారటు పోస్టుల పంపిండ్రు. ఇంటికి రాలే, బొట్టు పెట్టలే, అందరు రావాలె అని నోటితోని ఒక్క మాట అనలే. నువ్వు పోతవా?"

నేను ఆలోచించాను. మా మంథని దిక్కున అలాంటి కార్డు అటకెక్కుతుంది, చుట్టరికం కూడా దాని వెంటే ఎక్కుతుంది. "పోను మామా" అన్నాను.

"మరి? గోడవతలికెల్లి గీ డబ్బా కారటు ఇసిరేస్తే మేమెట్ల పోతం? మాకు ఇజ్జత్ లేదా? మిషన్ ఆగినోనికి మేం గావాలె. గావాలంటె రానీ. వచ్చి పిలువనీ. పిలువని పేరంటానికి పోయేంత గతిలేకుంట ఉన్నమా?"

జాబర్లు మిషన్ వదిలి రావద్దని మేనేజర్ గారి ఆర్డరు. పిలవకుండా పోమని వీళ్ల పట్టు. మధ్యలో మిషన్లు ఆగి ఉన్నాయి, నా దుబాయ్ విమానం ఇంజను మాత్రం నడుస్తోంది. ఇక మిగిలింది ఎవరు? నేను ప్రింటర్ దగ్గరికి పోయి మొదటి కాగితం చింపాను. మడత పెట్టాను. మామ ముందు నిలబడి రెండు చేతులతో ఇచ్చాను. "మామా, నాలుగో వరుసల పట్ట తెగిందట. జర రావాలె మామా." మామ నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. కాగితం తీసుకున్నాడు. చదవకుండానే మేకుకు గుచ్చాడు. రుమాలు చుట్టుకుని లేచాడు. షెడ్డు షెడ్డంతా లేచింది.

ఆ రోజు నుంచి నా అసలు ఉద్యోగం మొదలైంది. ఫోను వస్తే టైపు చేయడం, ఏసీ గదిలోంచి బయటికి దూకి చెప్పులు వేసుకోవడం, గోడ చుట్టూ తిరిగి షెడ్డుకు ఉరకడం, కాగితం చింపి పిలవడం. పిలవడంలో ఇంత చదువుందని నాకు అంతకుముందు తెలియదు. పెద్దవాణ్ని వదిలి చిన్నవాణ్ని ముందు పిలిస్తే పెద్దవాడు రెండు రోజులు మొహం ముడుచుకునేవాడు. మనిషి అన్నం తింటుండగా పిలవకూడదు. చేతులు కడుక్కునేదాకా నిలబడి, వేరే ముచ్చట ఏదైనా మాట్లాడాలి. కరెంటు ఫిట్టర్‌కూ, దూది మిషన్ల జాబర్‌కూ పడేది కాదు. కారణం కనుక్కుంటే, ఆ జాబర్ బిడ్డ లగ్గంలో ఈయన ప్లేట్లో మూలుగున్న నల్లిబొక్క వేయకుండా పక్కాయనకు వేశారట. అది జరిగి ఏళ్లయింది. (ఆ పిల్లకు పిల్లలు కూడా పుట్టారు.) అయినా ఆ వరుసకు పోవాలంటే ఆయన్ను మూడుసార్లు పిలవాలి, మూడోసారి "ఆయన పిలుస్తలేడన్నా, నేను పిలుస్తున్న" అని వేరే చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో దీనికి గడి లేదు.

ఏమాటకామాటే, పనులు జరిగాయి. పొద్దుగూకేసరికి తెర మీద పెండింగులన్నీ మూతపడేవి. మేనేజర్ గారు రోజూ సాయంత్రం వచ్చి, అచ్చైన రిపోర్టు చూసి మురిసిపోయేవారు. "చూశావా, మనిషి జోక్యం లేకుండా ఎంత చక్కగా నడుస్తోందో!" అనేవారు. అప్పటికి నా హవాయి చెప్పులు మడమ దగ్గర అరిగి నేల కనబడుతోంది. "సార్, వాళ్లు పిలిస్తే గానీ రారు సార్" అని ఒకసారి చెప్పి చూశాను. "ప్రింటు వస్తుంటే మళ్లీ పిలవడమేమిటయ్యా?" అని నవ్వి రిపోర్టు పట్టుకుని వెళ్లిపోయారు. షెడ్డులో వాళ్లు మాత్రం నన్ను సారూ అనడం మానేసి బిడ్డా అనడం మొదలుపెట్టారు. నాకు అది జీతం కంటే ఎక్కువగా నచ్చింది.

దసరా దగ్గరపడింది. సేఠ్ వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే మేనేజర్ గారు నన్ను పిలిచి వేలు చూపించి చెప్పారు. "ఇవాళ నువ్వు ఈ కుర్చీలోంచి లేచావంటే ఊరుకోను. ఆపరేటర్ కంప్యూటర్ వదిలేసి బజారెంట తిరుగుతుంటే సేఠ్ గారేమనుకుంటారు?" నా పైప్రాణాలు పైనే పోయాయి. షెడ్డుకు పరుగెత్తి మామ కాళ్లా వేళ్లా పడ్డాను. "మామా, ఇయ్యాల ఒక్కరోజు కాగితం సూసి పోర్రి మామా. నా నౌకరి పోతది, దుబాయ్ పోవాల్సి వస్తది." మామ మనసు కరిగిపోయింది. "అంత మాటెందుకు బిడ్డా? నీకోసం పోకుంట ఉంటమా? ఏం ఫికర్ జేయకు. నువ్వు వచ్చి ఒక్క మాట పిలువు, ఉరుకుతం!" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్దామంటే గేటు దగ్గర కారు హారన్ మోగింది.

సేఠ్ తెల్ల సఫారీలో వచ్చాడు. ఎవరూ చెప్పకముందే బూట్లు విప్పి లోపలికొచ్చి, నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. మేనేజర్ గారు చేతులు ఊపుతూ అంతా వివరించారు. సరిగ్గా అప్పుడే ఫోను. "సారూ, సర్పంచ్ పండిండు." నేను టైపు చేసి బటన్ నొక్కాను. గోడ అవతల కిర్రుకిర్రుమంది. "ఇప్పుడు చూడండి సార్, పరుగెత్తుతారు" అన్నారు మేనేజర్ గారు. సేఠ్ చేతి గడియారం చూశాడు. వైరు రంధ్రంలోంచి ఛాయ్ గ్లాసుల చప్పుడు, నవ్వులు వినబడుతున్నాయి. వాటి మధ్యలో, నేను పుట్టినప్పటి నుంచీ ఎరిగిన ఒక గొంతు వినబడింది. "మా దిక్కు వానలు మంచిగనే వడ్డయి. పొలాలు పొట్టకొచ్చినయ్."

బాపు! బాపు పొలం వదిలి ఇంత దూరం వచ్చాడంటే వీసా వచ్చినట్టే. నన్ను వెతుక్కుంటూ వచ్చిన మనిషిని వాచ్‌మన్ ఛాయ్ దొరికే చోట, అంటే షెడ్డులో కూర్చోబెట్టి ఉంటాడు. ఇటు సేఠ్ గడియారం, అటు బాపు గొంతు. ఇక నాకు వేరే దారి తోచలేదు. వైరు సరి చేస్తున్నట్టు బల్ల కిందికి వంగి, రంధ్రానికి నోరు పెట్టి, గుసగుసగా పిలిచాను. "మామా... సర్పంచ్ పండిండట... జర రావాలె మామా."

అవతల ఒక్కసారిగా అందరూ గప్‌చుప్ అయ్యారు. తర్వాత బాపు గొంతు. "ఎవడ్రా గోడలకెల్లి మాట్లాడేది?"

"మీవోడే" అన్నాడు మామ.

"మావోడా? ఈడ వాడు జేసే నౌకరి గిదేనా?"

రంధ్రంలో మామ కన్ను ఒకటి ప్రత్యక్షమైంది. "బిడ్డా, దొంగసాటుంగ గిట్ల పిలుస్తరా ఎవ్వలన్న? తలుపు దిక్కుకెల్లి రా. మీ బాపు గూడ వచ్చిండు, ఛాయ్ తాగుదువు."

నేను బల్ల కింద నుంచి తల ఎత్తాను. మేనేజర్ గారి మొహం నూలు రంగుకు తిరిగింది. సేఠ్ గోడ వైపు వేలు చూపించి, "యే దీవార్ బోల్తీ హై క్యా?" అని అడిగాడు. గోడ మాట్లాడుతుందా అని. అడుగుతూనే లేచి, బూట్లు కూడా వేసుకోకుండా మేజోళ్లతోనే షెడ్డు వైపు నడిచాడు. వెనుక మేనేజర్ గారు, ఆ వెనుక నేను.

సేఠ్‌ను చూసి అందరూ లేచి నిలబడ్డారు. బాపు కూడా గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు. ప్రింటర్‌కు ఆర్డర్ వేలాడుతోంది. సేఠ్ దాన్ని చూపించి, మిషన్ ఆగిపోయింది, కాగితం కూడా వచ్చింది, ఎందుకు పోలేదని హిందీలో అడిగాడు. మామ రెండు చేతులూ జోడించి, తనకొచ్చిన ఉర్దూలో ఎంతో వినయంగా చెప్పాడు. "కాగజ్ ఆయా సాబ్. బులానే కో ఆద్మీ నై ఆయా." కాగితం వచ్చింది సాబ్, పిలవడానికి మనిషి రాలేదు, అని. ఇంతకంటే వివరంగా చెప్పాల్సిన అవసరం ఉన్నట్టు ఆయనకు తోచలేదు.

సేఠ్ మామను చూశాడు, వేలాడే కాగితాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "జా బేటా, బులా" అన్నాడు. పిలువు అని. మామ నాకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. విషయం ఆయనకు తెలుసు, సేఠ్‌కు తెలుసు, ఇప్పుడు బాపుకు కూడా తెలుసు. అయినా పిలుపు పిలుపే. నేను కాగితం చింపి, మడత పెట్టి, రెండు చేతులతో ఇచ్చాను. "మామా, సర్పంచ్ పండిండట. జర రావాలె." మామ అప్పుడే వింటున్నట్టు, "అట్లనా? అయ్యో, పద బిడ్డా పద!" అని రుమాలు చుట్టుకున్నాడు. క్షణంలో షెడ్డు ఖాళీ అయింది. బాపు, సేఠ్, మేనేజర్ గారు, నేను మిగిలాం. ఛాయ్ పోయమని ఎవరికి చెప్పాలో తెలియక బాపే కెటిల్ అందుకుని సేఠ్‌కు గ్లాసులో పోసి ఇచ్చాడు. సేఠ్ చెక్క పెట్టె మీద కూర్చుని తాగాడు.

కాసేపటికి దూరంగా సర్పంచ్ మళ్లీ రొద మొదలుపెట్టాడు. సేఠ్ మేనేజర్ గారిని అడిగాడు, ఇంతకుముందు చిట్టీ పట్టుకుని ఎవరు నడిచేవారని. "జాబర్లందరూ సార్" అన్నారు మేనేజర్ గారు నేల చూపులు చూస్తూ. ఇప్పుడెవరు నడుస్తున్నారు? మేనేజర్ గారు నా వైపు చెయ్యి చూపించారు. సేఠ్ నా చెప్పులు చూసి ఫక్కున నవ్వాడు. జాబర్లంతా మిషన్ల దగ్గరే ఉంటున్నారు, వాళ్లందరి నడకా ఈ ఒక్క పోరడు నడుస్తున్నాడు, లెక్కంతా కంప్యూటర్ రాస్తోంది, మరి ఇందులో ఘాటా, అంటే నష్టం, ఎక్కడుందని తనే అడిగి, తనే జవాబు చెప్పాడు. "దోనో కో రఖో." ఇద్దరినీ ఉంచండి. (కంప్యూటర్ పేరు ముందా, నా పేరు ముందా అన్నది నేను అడగలేదు.)

హిందీ తెలియని బాపు, అప్పుడే నూనె చేతులతో తిరిగొచ్చిన మామను "ఏమంటుండు బావా?" అని అడిగాడు. గంటలో వాళ్లిద్దరూ బావలైపోయారు. "మీవోని నౌకరి పక్కా అయింది బావా" అన్నాడు మామ. "ఏం నౌకరి?" మామ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఏం నౌకరో నాకు గూడ తెల్వదు. గని మీవోడు వచ్చి పిలిస్తే పోవాలనిపిస్తది" అన్నాడు. బాపు నా నుదుటి మీద కారుతున్న చెమట వైపు ఒకసారి చూశాడు.

సాయంత్రం బస్టాండుకు నేనూ వెళ్లాను. నిర్మల్ బస్సు కోసం సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. బాపు సంచిలోంచి వీసా కాగితం తీసి, విప్పి చూసి, మళ్లీ మడిచి లోపల పెట్టాడు.

"అల్లునికి వద్దని చెప్త" అన్నాడు.

"సరే బాపు."

"దుబాయ్ పోవుడు నీకు ఇష్టం లేకుండెనా?"

ఆ రోజు గోడతోనే మాట్లాడిన ధైర్యం కాబోలు, నిజం బయటికొచ్చింది. "లేకుండె బాపు. అస్సలు లేకుండె."

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"నువ్వు పొమ్మంటివి గద."

బాపు రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "ఊరంత పోరగాండ్లను పంపుతుంటె నేను గూడ అన్న. పోను బాపు అంటవని సూసిన. అనకపోతివి. సరే బాపు, సరే బాపు అనుకుంటనే ఉంటివి. మీ అవ్వ రోజు అడుగుతది, వాడేమన్నడు అని. పోతనన్నడే అంటె కొంగు మొకానికి పెట్టుకునేది. నాకు మాత్రం నిన్ను పంపబుద్ధైందనుకున్నవా?"

నాకు ఏడుపొచ్చింది. పొద్దంతా మిల్లు నిండా మనుషులను పిలిచినవాడిని, మూడు నెలలు ఇంట్లో ఒక్క మాట అనలేక భయపడుతూ కూర్చున్నాను. అవతల బాపూ అవ్వా కూడా అదే మాట కోసం భయపడుతూ కూర్చున్నారు. బస్సు వచ్చింది. బాపు ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, కండక్టర్ విజిల్ వేశాక తల బయటికి పెట్టి, "చెప్పులు కొనుక్కో, కాళ్లు కాలుతయ్" అన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడి, ఈసారి ఎవరైనా చూస్తారేమోనని చూసుకోకుండా, హాయిగా ఏడ్చాను.

ఆ బస్టాండులో నిలబడ్డ కుర్రవాడు తలపుకొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, వాడి మీద ముద్దూ వస్తుంది. నాకిప్పుడు తల నెరిసింది. ఇప్పటికీ ఏదైనా పని ఇష్టం లేకపోతే ఆ మాట ఇంట్లో చెప్పడానికి నాకు ఒక పూట పడుతుంది. అప్పట్లో మూడు నెలలు పట్టేది కదా, చాలా బాగుపడ్డానని నేనంటాను. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు.